కడుపు కదలిక: జీర్ణాశయ కండరములపై లవణముల, ఔషధముల ప్రభావము

ముద్దను చేతితో నెత్తి, నోటిలో నుంచుకొని, నమలి మ్రింగువరకే భోజనము మన వశములోని పని. ముద్ద గొంతు దాటిన పిమ్మట జరుగునదంతయు మన యాజ్ఞతో నిమిత్తము లేకుండ జరిగిపోవును. చేయి ఎత్తదలచినచో ఎత్తుదుము, దింపదలచినచో దింపుదుము. కాని జీర్ణాశయమును 'వేగముగా కదలుము' అనిగాని, 'ఇక నిలువుము' అనిగాని ఆజ్ఞాపింపగలవా డెవ్వడును లేడు. అట్లయినచో ఆ సంచిని రేయింబవళ్లు కదలించుచున్న దేది? అది ఒకప్పుడు మెలిపెట్టినట్లు నొప్పి పుట్టించుటకును, మరియొకప్పుడు కదలక మెదలక ఉబ్బిపోవుటకును కారణమేమి?

ఈ ప్రశ్నలు శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినవి కావు. ఉన్నత తరగతుల విద్యార్థులు 'నునుపు కండరము' అనియు, 'అయాను' అనియు పాఠములలో చదువుకొనుచున్నారు. ఇంటిలో పిల్లవాడు కడుపునొప్పి యని ఏడ్చినప్పుడు ఆముదమో, వామునీరో, అంగడిలో కొన్న చుక్కలమందో పోయువారు తల్లిదండ్రులు. బడిలోని పాఠమును, ఇంటిలోని మందును ఒకే విషయమునకు సంబంధించినవని తెలిసికొన్నచో పిల్లలకు మేలు కలుగును. కొన్ని అపాయములును తప్పును. నేను వైద్యుడను కాను. ఉపాధ్యాయుడు చెప్పదగినంతవరకు ఆ సంబంధమును ఈ వ్యాసమున వివరించెదను.

జీర్ణాశయపు గోడ

మన శరీరమున మూడు విధములైన కండరములు కలవు. కాలుసేతులను ఆడించునవి చారల కండరములు. ఇవి మన ఇచ్ఛకు లోబడినవి. గుండెయందున్నది హృదయ కండరము. జీర్ణాశయము, ప్రేగులు, రక్తనాళములు, మూత్రాశయము, గర్భాశయము మొదలగువాని గోడలలో నున్నవి చారలు లేని నునుపు కండరములు. ఇవి మన ఇచ్ఛకు లోబడవు. నెమ్మదిగా బిగియును, నెమ్మదిగా సడలును, అలసట యెరుగక పనిచేయును.

జీర్ణాశయపు గోడలో ఈ కండరపు పోగులు నిలువుగా ఒక వరుస, చుట్టుగా ఒక వరుస, ఏటవాలుగా ఒక వరుస అమరియున్నవి. అందుచేత ఆ సంచి తనలోని అన్నమును పిసుకగలదు, చిలుకగలదు, మెల్లమెల్లగా చిన్నప్రేగులోనికి నెట్టగలదు. దాని నడిమిభాగమున నొక అల పుట్టి క్రిందివైపునకు ప్రాకును. మనుష్యులలో ఈ అలలు నిమిషమునకు సుమారు 3 చొప్పున పుట్టుచుండును. ఈ లయను పుట్టించునవి కండరపు పోగుల నడుమ వలవలె అల్లుకొనియున్న కొన్ని ప్రత్యేక కణములు. స్పెయిను దేశపు శాస్త్రజ్ఞుడును, 1906లో నోబెల్ బహుమానము పొందిన వారిలో నొకడును అగు రామోన్ ఇ కహాల్ పేరిట వీనిని కహాల్ కణములని పిలుతురు. ఈ కణములు తాళము వేయును. కండరము ఆ తాళమునకు అడుగు వేయును. అడుగు ఎంత బలముగా పడవలెనో నిర్ణయించునవి మాత్రము రక్తములోని లవణములును, నరములనుండి వెలువడు ద్రవ్యములును.

లవణము నీటిలో కరగినప్పుడు

మనము వంటలో వేయు ఉప్పు నీటిలో కరగినప్పుడు రెండు భాగములుగా విడిపోవును. ధనవిద్యుత్తు గల సోడియము అయాను ఒకటి, ఋణవిద్యుత్తు గల క్లోరైడు అయాను మరియొకటి. విద్యుదావేశము గల ఇట్టి కణములనే అయానులందురు. శరీరములోని ప్రతి జీవకణమును ఇట్టి అయానుల నీటిలోనే మునిగియున్నది. కణము వెలుపల సోడియము అధికము. లోపల పొటాసియము అధికము. ఈ తేడావలననే కణపు పొరకు ఇరువైపుల స్వల్పమైన విద్యుత్పీడనము నిలిచియుండును. కండరమునకు కదలిక నిచ్చునది ఆ పీడనములోని మార్పే.

ఒక పదార్థము కండరముపై పనిచేయుటకు దాని పేరుకన్న, అది కరగి అయానులుగా విడిపోవునా లేదా యనునది ముఖ్యము. దీనికి బేరియము మంచి నిదర్శనము. బేరియము క్లోరైడు నీటిలో కరగును. దాని అయానులు కండర కణమునుండి పొటాసియము వెలుపలికి పోవు ద్వారములను మూసివేయును. అప్పుడు కండరము సడలుట మాని బిగిసిపోవును. వాంతులును, మెలిపెట్టు నొప్పియు, విరేచనములును కలిగి ప్రాణాపాయము సంభవించును. బేరియము సల్ఫేటు నీటిలో కరగదు. అందుచేతనే ఆసుపత్రులలో జీర్ణాశయమునకు ఎక్సురే తీయునప్పుడు దానిని నీటిలో పాలవలె కలిపి రోగిచే త్రాగింతురు. అది రక్తములోనికి చేరక, వచ్చిన త్రోవనే సాగి వెలుపలికి పోవును. మూలకము ఒకటే, ఒక సమ్మేళనమున విషము, మరియొక సమ్మేళనమున పరీక్షాసాధనము.

రింగర్ పండితుని కుళాయినీరు

కండరమునకు లవణములతో గల సంబంధము తెలియవచ్చిన విధము విద్యార్థులకు చెప్పదగిన కథ. లండను నగరమున సిడ్నీ రింగర్ అను వైద్యుడుండెను. ఆయన కప్పగుండెను శరీరమునుండి వేరుచేసి, ఉప్పునీటిలో నుంచి, అది కొట్టుకొను తీరును పరిశీలించుచుండెను. వట్టి ఉప్పునీటిలోనే గుండె చాలసేపు కొట్టుకొనుచున్నదని 1882లో ప్రకటించెను. తరువాత తెలియవచ్చినదేమనగా, ఆ ద్రావణము బట్టీపట్టిన నీటితో గాక నగరపు కుళాయినీటితో తయారయినది. శుద్ధమైన బట్టీనీటితో చేసి చూడగా గుండె త్వరలోనే ఆగిపోయెను. కుళాయినీటిలో స్వభావముగా కరగియున్న కాల్షియమే గుండెను నడపినదని ఆయన గ్రహించి, 1883లో తన వెనుకటి మాటను తానే సవరించి ప్రకటించెను. సోడియము, పొటాసియము, కాల్షియము తగు పాళ్లలో నున్నప్పుడే కండరము బిగియుటయు సడలుటయు సక్రమముగా జరుగునని ఆయన నిరూపించెను. ఇప్పటికిని ఆసుపత్రులలో నరములద్వారా ఎక్కించు ఒక లవణజలమునకు ఆయన పేరు నిలిచియున్నది.

ఇదే మార్గమున జర్మనీ దేశస్థుడగు రుడాల్ఫ్ మాగ్నస్ 1904లో ప్రేగుముక్కలను పరిశీలించెను. జంతువు ప్రేగుముక్కను గోరువెచ్చని లవణజలములో నుంచి, ప్రాణవాయువు నందించుచుండినచో అది గంటలకొలది కదలుచునే యుండును. ఆ నీటిలో ఒక్కొక్క లవణమును, ఒక్కొక్క మందును చేర్చి కదలిక పెరిగినదో తగ్గినదో కొలుచు పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. జీర్ణాశయపు గోడనుండి తీసిన ముక్కలనుకూడ ఇట్లే పరీక్షింతురు.

కాల్షియము: కండరపు ద్వారము

ఆ ప్రయోగములనుండి తేలిన ముఖ్యవిషయ మొక్కటి. కండరము బిగియుటకు త్రోవలు పెక్కు గలవు. అవి యన్నియు తుదకు కాల్షియమువద్దనే కలియును.

కండరము విశ్రాంతిగా నున్నప్పుడు కణము లోపలి కాల్షియము వెలుపలి కాల్షియములో పదివేల వంతు మాత్రమే యుండును. కహాల్ కణముల అల వచ్చి తగిలినప్పుడో, నరమునుండి ఆజ్ఞ వచ్చినప్పుడో కణపు పొరలోని సన్నని ద్వారములు తెరచుకొనును. వెలుపలి కాల్షియము లోనికి జొరబడును; కణములోని నిల్వసంచులనుండియు కొంత విడుదలయగును. లోపలికి వచ్చిన కాల్షియము కాల్మొడ్యులిన్ అను మాంసకృత్తుతో కూడును. ఆ జంట ఒక ఎంజైమును మేలుకొలుపును. ఆ ఎంజైము మయోసిన్ అను కండరపు పోగుకు ఫాస్ఫేటును తగిలించును. అప్పుడు మయోసిన్ పోగు ఆక్టిన్ అను పోగును పట్టి లాగును. ఇదియే సంకోచము. పిదప కాల్షియము వెలుపలికిని, నిల్వసంచులలోనికిని తోడివేయబడును, మరియొక ఎంజైము ఆ ఫాస్ఫేటును ఊడదీయును, కండరము సడలును.

ఇచట కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. పాలలో కాల్షియ మున్నది గదా, పాలు త్రాగినచో పిల్లవాని కడుపు బిగిసి నొప్పి పుట్టునా? అట్లు జరుగదు. రక్తములోని కాల్షియమును శరీరము ఎముకల సహాయమునను, గ్రంథిరసముల సహాయమునను ఒకే మట్టమున నిలుపుకొనుచుండును. కండరమును బిగించునది మనము తిన్న కాల్షియపు మొత్తము కాదు. ద్వారము తెరచుకొనుట, మూసికొనుట.

ఈ పనికి కావలసిన ఫాస్ఫేటును, శక్తిని సమకూర్చు ద్రవ్యమును ఏ.టి.పి. అందురు. ఈ సందర్భమున ఒక తెలుగువాని పేరు తలపక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులోని హిందూ హైస్కూలున చదివి, మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను గట్టెక్కి, మద్రాసు వైద్య కళాశాలలో విద్య నభ్యసించెను. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే మరణించిరి. ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి కండరములలోని ఫాస్ఫేటు సమ్మేళనములను శోధించెను. ఫాస్ఫోక్రియాటిన్ అను శక్తిద్రవ్యమును వారు 1927లో ప్రకటించిరి. 1929లో కండరమునుండి ఏ.టి.పి.ని వేరుచేసిన విషయము ప్రకటించిన వారిలో వారును ఒకరు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ దానిని స్వతంత్రముగా కనుగొనెను. తరువాత 1945లో, సుబ్బారావు నేతృత్వమున, ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ వ్యాధి చికిత్సకు ఉపయోగపడినది. తెలుగు ఇంటిభాషగా పెరిగి, తెలుగుదేశము వెలుపల చదివిన బాలుడు కండరపు శక్తిరహస్యమును వెదకినవారిలో ఒకడయ్యెనని మన పిల్లలకు తెలియవలెను.

పొటాసియము, మెగ్నీషియము

ప్రయోగశాలలో జీర్ణాశయపు కండరపుముక్క నుంచిన నీటిలో పొటాసియమును ఎక్కువగా చేర్చినచో అది గట్టిగా ముడుచుకొనును. వెలుపల పొటాసియము పెరుగుటవలన కణపు పొరమీది విద్యుత్పీడనము తగ్గి, కాల్షియపు ద్వారములు తెరచుకొనుటయే కారణము. అదే నీటిలో కాల్షియము లేకుండ చేసి పొటాసియమును చేర్చినచో ముక్క దాదాపు కదలదు. ద్వారము తెరచినను లోనికి వచ్చుటకు కాల్షియము ఉండవలెను గదా!

శరీరమున దీనికి విపర్యయముగా జరుగు సందర్భమే తల్లిదండ్రులకు ముఖ్యము. రక్తములో పొటాసియము సాధారణముగా లీటరుకు 3.5 మొదలు 5 మిల్లీమోలుల వరకు నుండును. పిల్లలకు విరేచనములు అధికమైనప్పుడు నీటితో పాటు సోడియము, పొటాసియము వెడలిపోవును. పొటాసియము మిక్కిలి తగ్గినచో కాల్షియపు ద్వారములు తేలికగా తెరచుకొనవు. ప్రేగుల కండరము శక్తిహీనమగును. విరేచనములు తగ్గుముఖము పట్టినవని యింటివారు సంతోషించుచుండగా పిల్లవాని కడుపు ఉబ్బి, కదలికలేక, బిడ్డ వాడిపోయి పడియుండుటకు ఇదియు నొక కారణము. అది గుణము కాదు, అపాయచిహ్నము.

ఆసుపత్రులలో ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లమున పొటాసియము ఎందుకు చేర్చిరో దీనివలన తెలియగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యూనిసెఫ్ సంస్థయు 2002లో నిర్ణయించిన పాళ్లప్రకారము ఒక లీటరు నీటికి సోడియము క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాసియము క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు ఉండవలెను. గ్లూకోజు రుచికొరకు చేర్చినది కాదు. సోడియమును ప్రేగుగోడలోనికి వెంటబెట్టుకొని పోవునది అదియే. వట్టి పంచదారనీటిలో లవణము లేదు. కొబ్బరినీటిలో పొటాసియము ఉన్నను సోడియము చాలదు. కావున పొట్లముపై వ్రాసినంత నీటిలోనే, తక్కువగాని ఎక్కువగాని కాకుండ, దానిని కలిపి మాటిమాటికి కొంచెముకొంచెముగా త్రాగింపవలెను.

మెగ్నీషియము కాల్షియమునకు ప్రతికక్షి. కండరమువద్ద మెగ్నీషియము పెరిగినకొలది కాల్షియపు ప్రవేశము తగ్గి సంకోచము బలహీనపడును. భేది ఉప్పు అనునది మెగ్నీషియము సల్ఫేటు. అది ప్రేగులోనికి నీటిని లాగి విరేచనము చేయించును. మూత్రపిండములు చెడినవారికి దాని నిచ్చినచో మెగ్నీషియము వెలుపలికి పోక రక్తమున నిలిచి, కండరములనే గాక శ్వాసనుకూడ మందగింపజేయగలదు. ఉప్పే గదా యని అలక్ష్యము చేయరాదు.

నరముల ఆజ్ఞలు

జీర్ణాశయమునకు మెదడునుండి వేగస్ అను నరము వచ్చును. ఆ నరపు కొనలు, జీర్ణాశయపు గోడలోని నరకణముల కొనలు ఎసిటైల్ కోలిన్ అను ద్రవ్యమును విడుదల చేయును. నరములు ఇట్లు రసాయన ద్రవ్యములద్వారా ఆజ్ఞ నిచ్చునని ఓటో లోవీ 1921లో కప్పగుండెలపై చేసిన ప్రయోగమున నిరూపించెను; 1936లో హెన్రీ డేల్ తో పాటు నోబెల్ బహుమానము నందెను. ఎసిటైల్ కోలిన్ కండరముపైనున్న గ్రాహకమును తాళపుచెవి తాళమును తాకినట్లు తాకి, కాల్షియము పెరుగునట్లు చేసి, కండరమును బిగించును. దాని పని ముగిసిన వెంటనే ఒక ఎంజైము దానిని విరుగగొట్టును. పొలములలో చల్లు కొన్ని పురుగుమందులు ఆ ఎంజైమునే చంపును. అప్పుడు ఎసిటైల్ కోలిన్ నిలువయై కడుపులో మెలికలు, వాంతులు, విరేచనములు, నోట చొంగ కలుగును. పురుగుమందు చల్లిన చేను దరినుండి వచ్చిన బిడ్డకు ఇట్లు జరిగినచో అజీర్తి యని తలపక, తడిసిన బట్టలు విప్పించి, ఒడలు కడిగించి, తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను.

ఆ విషమునకు వైద్యులు వాడు మందులలో ముఖ్యమైనది అట్రోపిన్. అది ఎసిటైల్ కోలిన్ తాకు గ్రాహకమును తాను ఆక్రమించి కండరమును సడలించును. ఉమ్మెత్తలో ఈ జాతి ద్రవ్యములే యున్నవి. వైద్యుని చేతిలో కొలతప్రకారము అది ప్రాణదాత. కొలత తెలియనివారి చేతిలో ఉమ్మెత్తగింజ నోరెండజేసి, కనుపాపలను పెద్దవిచేసి, మతి చెదరగొట్టి ప్రాణము తీయగలదు. ఉమ్మెత్తను ఏ రూపమునను ఇంటివైద్యమునకు వాడరాదు.

భయము కలిగినప్పుడు వెలువడు ఎడ్రినలిన్ జీర్ణాశయపు కదలికను అణచును. హార్వర్డు వైద్యవిద్యార్థియగు వాల్టర్ కేనన్ 1897 ప్రాంతమున పిల్లులకు బిస్మతు లవణము కలిపిన ఆహారము పెట్టి, నాటికి రెండేండ్ల క్రిందటనే కనుగొనబడిన ఎక్సురేతో వాని జీర్ణాశయపు అలలను చూచెను. పిల్లి బెదరినప్పుడు అలలు ఆగిపోయెను. శాంతించినపిదప మరల మొదలయ్యెను. పరీక్షనాటి ఉదయము పిల్లవాడు 'అన్నము సయింపదు, కడుపులో ఏదో గానున్నది' అని చెప్పినచో అది సాకు కానవసరము లేదు. బెదరింపులు కడుపును మరింత కట్టివేయును. ఆనాడు వానికి కావలసినది మందు కాదు. తేలికయైన ఆహారము, మెత్తని మాట.

మన ఇంటి మందులు

వాము మనవారు అనాదిగా ఎరిగిన మందు. తమిళనాట అంగళ్లలో ఓమ వాటరు పేరుతో అమ్మునది వామునీరే. వాము సారము జంతువుల ప్రేగుముక్కలలోనికి కాల్షియపు ప్రవేశమును తగ్గించి కండరమును సడలించినట్లు ప్రయోగములలో కనుగొనిరి. పిప్పరమెంటులోని మెంథాలును అట్టిదే. పెద్దల అనుభవమునకు శాస్త్రము కారణము చూపిన సందర్భ మిది.

ఆముదము దీనికి పూర్తిగా విరుద్ధమైన పని చేయును. ఆముదము చిన్నప్రేగులో విడిపోయి రిసినోలియిక్ ఆమ్లమగును. ఈ ఆమ్లము ప్రేగుల కండరముపైనున్న ఒక గ్రాహకమును తాకి దానిని బిగియజేయునని 2012లో జర్మనీ శాస్త్రజ్ఞులు చిట్టెలుకలయందు నిరూపించిరి. అదే గ్రాహకము గర్భాశయపు కండరమునను ఉన్నది. గర్భవతులకు ఆముదము పట్టరాదని చెప్పుటకు కారణ మిదియే.

ఇక అంగడిలో కడుపునొప్పికని ఇచ్చు డైసైక్లోమిన్ అను మందు అట్రోపిన్ వలె ఎసిటైల్ కోలిన్ పనిని అడ్డగించును. ఆరు నెలల లోపు శిశువులకు ఈ మందు ఈయరాదు. శ్వాస ఆగు ప్రమాదము కలదు. పసిబిడ్డల చుక్కలమందు సీసాపై ఈ పేరున్నదేమో చదువనిదే పోయరాదు.

చూడుడు: వాము ద్వారమును మూయును, ఆముదము కండరమును బిగించును, రెండును కడుపు మందులే. కడుపునొప్పి ఒక్క మాటయే గాని, లోపల జరుగుచున్నది బిగింపో, సడలింపో, వాపో, అడ్డమో మనకు తెలియదు. అది తెలియకుండ మందు పోయుట, తలుపు వెనుక ఏమున్నదో చూడకయే దానిని తోయుట వంటిది.

తల్లిదండ్రులు గమనింపవలసినవి

మొదటిది. కారణము తెలియని కడుపునొప్పికి విరేచనపు మందు ఈయరాదు. ఉండుకము వాచినప్పుడు నొప్పి తొలుత బొడ్డుచుట్టు పుట్టి, కొన్ని గంటలకు కుడివైపు క్రిందికి దిగుట సామాన్యము. ఆ స్థితిలో ఆముదముగాని భేది ఉప్పుగాని ఇచ్చినచో ప్రేగులు బలముగా బిగిసి, వాచిన ఉండుకము పగులవచ్చును. 'కడుపు శుభ్రపడును' అనుకొని చేసిన పని ప్రాణముమీదికి వచ్చును.

రెండవది. నొప్పి తగ్గించు మందును పదేపదే ఇచ్చి వైద్యుని చూపుటలో జాగు చేయరాదు. కండరము సడలినంత మాత్రమున వ్యాధి పోదు. కడుపు గట్టిపడినను, ముట్టనీయకున్నను, పచ్చని పసరు కక్కినను, మలములో రక్తము కనిపించినను, జ్వరముతో నడుము వంచి నడచినను ఆనాడే వైద్యునియొద్దకు పోవలెను.

మూడవది. పిల్లల విరేచనములను ఆపుటకు ప్రేగుల కదలికను నిలుపు మందు నీయరాదు. నల్లమందుకును, దాని మార్గమున ప్రేగుపై పనిచేయు నేటి లోపెరమైడ్ అను మాత్రకును గుణము ఒకటే. కండరపు కదలికను అణచును. వ్యాధిని కలిగించినది లోపలనే యుండిపోవును. పిల్లలలో ప్రేగు స్తంభించు ప్రమాదమును కలదు. బిడ్డకు కావలసినది పోయిన నీరును లవణములును తిరిగి చేరుట. చనుబాలును, అలవాటైన ఆహారమును మానిపింపరాదు.

నాలుగవది. మందు పేరును, ఎంత ఇచ్చితిరో, ఏ వేళకు ఇచ్చితిరో ఒక కాగితముపై వ్రాసి వైద్యునికి చూపుడు. ఇంటిలో వాడిన నాటుమందునుకూడ దాచక చెప్పుడు. లోపల కండరము బిగియుచున్నదో సడలుచున్నదో ఊహించుటకు ఆ చీటి వైద్యునికి మిక్కిలి తోడ్పడును. అక్షరము నేర్చిన పిల్లలే ఆ చీటిని వ్రాయగలరు, వారిచేతనే వ్రాయింపుడు.

కుళాయినీటిలోని కాసింత కాల్షియము ఒక గుండెను నడపినదని రింగర్ కనుగొన్న నాటినుండి నేటివరకు పెరిగిన ఈ జ్ఞానమంతయు ఆసుపత్రులకు మాత్రమే పరిమితము కానక్కరలేదు. మన భాషలో చెప్పినచో మన వంటింటిలో అది అర్థమగును. కావున పిల్లలు సాయంకాలము ఇంటికి వచ్చి అయానులను గూర్చిన పాఠము నప్పగించునప్పుడు, అది మార్కులకొరకు చదువు పాఠమని త్రోసిపుచ్చక ప్రక్కన కూర్చుండి వినుడు. ఒకానొక రాత్రి మందుగిన్నె చేత పట్టిన క్షణమున, పోయవలెనా వలదా యని నిర్ణయించుటకు ఆ పాఠము మీకు అక్కరకు రావచ్చును.

— ప్రధానోపాధ్యాయుడు